లిన్నేయస్ కోసం ఉప్సాలాలో మూడు రోజులు

స్వీడన్‌లో స్టాక్‌హోమ్ నుంచి రైలులో సుమారు 40 నిమిషాల దూరంలో ఉన్న ఉప్సాలాను చాలామంది ఒక్క పూటలో చూసి వెళ్ళిపోతారు. మొక్కలకు, జంతువులకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ కోసం వచ్చేవారు మాత్రం రెండు రాత్రులైనా ఉండాలని నా అభిప్రాయం. 1728లో పేద విద్యార్థిగా ఇక్కడి విశ్వవిద్యాలయంలో చేరి, 1741లో వైద్యశాస్త్ర ఆచార్యుడై, 1750, 1759, 1772లలో రెక్టార్ (విశ్వవిద్యాలయ అధిపతి) పదవిని నిర్వహించిన ఆ మహనీయుని చదువూ ఉద్యోగమూ ఒక్క తోటలోనే వేళ్ళూనుకున్నాయి.

1655లో ఇక్కడి ఆచార్యుడు ఓలోఫ్ రూడ్‌బెక్ నెలకొల్పిన ఈ విశ్వవిద్యాలయ తోట 1702 నాటి అగ్నిప్రమాదంతో పాడుబడింది. 1729లో ఇక్కడే మొక్కలు పరిశీలిస్తున్న లిన్నేయస్‌ను మతశాస్త్ర ఆచార్యుడు ఓలోఫ్ సెల్సియస్ చూసి, అతని ప్రతిభకు ముచ్చటపడి, తన ఇంట ఉంచుకుని భోజనం పెట్టారు. మరుసటి ఏడాదే, విద్యార్థిగా ఉండగానే, లిన్నేయస్ ఈ మడుల పక్కన నిలబడి ఇతరులకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. తరువాత ఆచార్యుని హోదాలో తోటను బాగుచేయించి, ఏకవార్షికాలను (ఒక్క ఏడాదిలో జీవితం ముగించే మొక్కలను) ఒక వైపు, బహువార్షికాలను (ఏళ్ళ తరబడి బతికేవాటిని) మరో వైపు నాటించారు. ఆ అమరిక నేటికీ కనిపిస్తుంది. నేను ఒక మధ్యాహ్నమంతా అక్కడే గడిపాను, అయినా తనివి తీరలేదు. ఆయన పెంచిన కోతుల కోసం స్తంభాలపై కట్టిన చిన్న చెక్క గూళ్ళను పిల్లలు తప్పక చూడాలి.

1743 నుంచి ఆయన కాపురమున్న ఇల్లు తోట మూలనే మ్యూజియంగా ఉంది. ఆ గదుల్లో నాకు ఆయన శిష్యుడు కోనిగ్ గుర్తుకువచ్చారు. మన దేశంలో మొక్కలు సేకరించిన ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో మరణించారు. మనం రోజూ పోపులో వేసే కరివేపాకు శాస్త్రీయ నామంలో కోనిగ్ పేరు చేర్చినది ఈ గురువుగారే.

నేను స్టేషను దగ్గరి ఒక చిన్న హోటల్లో దిగాను. గది శుభ్రంగా ఉంది, ఉదయపు ఫలహారంలో శాకాహారులకు కావలసినన్ని రొట్టెలు, పండ్లు, పెరుగు దొరికాయి. కిటికీ తెరలు పలుచన కావడం వల్ల రాత్రీ పూర్తిగా చీకటి పడని జూన్ నెల వెలుగులో రెండు రాత్రులూ నిద్ర సరిగా పట్టలేదు. గది తీసుకునే ముందే మందపాటి తెరలున్నాయో లేదో అడగడం మంచిది. నగదు చాలాచోట్ల తీసుకోరు కనుక కార్డు తప్పనిసరి.

లిన్నేయస్ సమాధి ఉన్న కెథడ్రల్‌కు (ఊరి ప్రధాన చర్చికి) అరగంట చాలు. 1758లో ఆయన కొన్న హమ్మర్‌బీ ఎస్టేటుకు మాత్రం సగం రోజు కేటాయించాలి. అక్కడి పడకగది గోడలకు మొక్కల బొమ్మల కాగితాలను నేరుగా అంటించుకున్నారు. చెమ్మ మరకల మధ్య ఆకులు, పువ్వులు ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు. 1766లో ఊరిలో మళ్ళీ మంటలు లేవడంతో తన సేకరణలకు భయపడి, గుట్టపైన మంట వేసే పొయ్యి కూడా లేని రాతి గది కట్టించారు. బస్సు దిగాక కొంత నడవాలి, తిరుగు బస్సులు తక్కువ, అందువల్ల సమయాలు ముందే చూసుకోవాలి. ఇల్లు, తోట శీతాకాలంలో మూసి ఉంటాయి. మే నుంచి సెప్టెంబరు లోపు వెళ్ళడం మేలు.