ప్లాస్మా కణాల జబ్బు అనుమానంతో చేయించే రక్తపరీక్షలు: హనుమకొండలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్ సేవపై సమీక్ష

హనుమకొండలో నక్కలగుట్ట వైపు ఉన్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో మా బాపుకు ప్రోటీన్ పరీక్షలు చేయించాము. ఆ పరీక్షలు ఎలా జరిగాయి, రిపోర్టు ఏ రూపంలో మా చేతికి వచ్చింది అన్న రెండు విషయాల మీదే ఈ సమీక్ష. మైలోమా (ఎముక మూలుగలోని ప్లాస్మా కణాల క్యాన్సర్) వంటి జబ్బు ఉందేమోనన్న అనుమానంతో రాసే ఈ పరీక్షలు షుగరు, థైరాయిడ్ పరీక్షల వంటివి కావు. ఒక్క అంకె చూసి ఎక్కువో తక్కువో తేల్చడానికి వీల్లేదు. నాలుగైదు ఫలితాలను పక్కపక్కన పెట్టుకుని, రోగి కిడ్నీల స్థితిని కూడా కలుపుకుని చదవాలి. అందుచేత ఇటువంటి సేవను వెయిటింగ్ హాలు, ఏసీ, బిల్లు మీద తగ్గింపు వంటివి చూసి కాక, రక్తం తీసిన తీరును, రిపోర్టులో ఏమేమి ఇచ్చారన్నదానిని బట్టి తూచాలని నా గట్టి అభిప్రాయం. సెంటర్ పేరు రాయడం లేదు. ఈ పరీక్షలు రాయించుకున్నవారు తాము వెళ్లే ఏ సెంటర్‌లోనైనా ఏమి అడగాలో చెప్పడమే నాకు ముఖ్యం.

పరకాల దగ్గర మా ఊళ్లో వ్యవసాయం చేసే బాపుకు చాలా ఏళ్లుగా షుగరు ఉంది, కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ 1.6 దగ్గర ఉంటోంది. నీరసం తగ్గడం లేదని చూపిస్తే హిమోగ్లోబిన్ 11 ఉందని, ఒంట్లో వాపు వంటివాటిని సూచించే ఈఎస్ఆర్ బాగా పెరిగిందని తేలింది. లివర్ పరీక్షల్లో మొత్తం ప్రోటీన్ 8.6, ఆల్బుమిన్ 3.7 వచ్చాయి. డాక్టరు గారు రెంటికీ తేడాను రిపోర్టు అంచున పెన్నుతో 4.9 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టారు. ఆ తేడాయే గ్లోబ్యులిన్. అది డెసిలీటరుకు 4 గ్రాములు దాటితే ఎందుకు పెరిగిందో చూడడం మంచిది, ఎందుకంటే యాంటీబాడీలన్నీ అందులోనే ఉంటాయి, వాటిని తయారు చేసేవి ఎముక మూలుగలోని ప్లాస్మా కణాలు. దీర్ఘకాలపు ఇన్‌ఫెక్షన్లలోనూ, లివర్ జబ్బుల్లోనూ, కీళ్లవాతం వంటివాటిలోనూ గ్లోబ్యులిన్ పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క అంకెతో కంగారు పడవలసిన పని లేదు. పెరిగినది ఏ రకమో తెలుసుకోవడానికే రక్తంలోని ప్రోటీన్లను విద్యుత్తుతో భాగాలుగా విడదీసే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, పెరిగిన యాంటీబాడీ ఏ రకమో గుర్తించే ఇమ్యునోఫిక్సేషన్, యాంటీబాడీలోని చిన్న భాగాలైన లైట్ చైన్లు (కప్పా, లామ్డా అని రెండు రకాలు) రక్తంలో విడిగా ఎంత ఉన్నాయో కొలిచే ఫ్రీ లైట్ చైన్స్ అన్న మూడు రక్తపరీక్షలను, ఇరవై నాలుగు గంటల మూత్ర పరీక్షను రాశారు.

రక్తం తీసిన విధానానికి ఈ సెంటర్‌కు పూర్తి మార్కులు వేస్తాను. టెక్నీషియన్ అమ్మాయి సూది గుచ్చకముందే, ‘‘బాపూ, మీరు ఏమేం మందులు వాడుతున్రు?’’ అని అడిగి ఫారం మీద రాసుకుంది. ఇది మామూలు ప్రశ్నలా కనిపిస్తుంది గాని, మైలోమాకు ఇప్పటికే డారటుముమాబ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నవారిలో ఆ మందు తానే ఒక యాంటీబాడీ కావడం వల్ల ఇమ్యునోఫిక్సేషన్‌లో ఐజీజీ కప్పా (ఒక రకం యాంటీబాడీ) గీతగా కనబడి, జబ్బు ఇంకా ఉందన్న పొరపాటు అభిప్రాయం కలిగించగలదు. రక్తాన్ని గడ్డకట్టే ట్యూబులోనే తీసి, సరిగా గడ్డ కట్టేదాకా స్టాండులో ఉంచి, ఆ తర్వాతే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టింది. ఈ ఓపిక చాలా అవసరం. గడ్డకట్టకుండా మందు కలిపిన ట్యూబులో తీసినా, సగం గడ్డకట్టిన రక్తాన్ని తిప్పినా, అందులో మిగిలిన ఫైబ్రినోజెన్ అన్న ప్రోటీను బీటా, గామా భాగాల మధ్య ఒక గీతలా నిలబడుతుంది. అది చూడడానికి అచ్చం జబ్బు గీతలాగే ఉంటుంది. ఆరోగ్యవంతుడిని రోగిని చేయడానికి ఇంతటి చిన్న అజాగ్రత్త చాలు.

మూత్రం పట్టడానికి మూతబిగువు ఉన్న పెద్ద క్యాన్ ఇచ్చారు. సూచనల కాగితం ఇంగ్లిషులో మాత్రమే ఉంది. పల్లెల నుంచి వచ్చేవారే ఎక్కువగా ఉండే చోట ఇది సమర్థించుకోలేని లోపం. ఆ అమ్మాయే మొదటి రోజు పొద్దున లేవగానే వచ్చిన మూత్రాన్ని పారబోసి, తర్వాత వచ్చినదంతా, మర్నాడు పొద్దున మొదటిసారి వచ్చినదానితో సహా, క్యాన్‌లో పట్టాలని విడమరచి చెప్పింది. మామూలు స్ట్రిప్ పరీక్షలో మూత్రం బాగుందని వచ్చింది కదా, ఇంత శ్రమ ఎందుకని కొందరు అనుకుంటారు. ఆ స్ట్రిప్ ప్రధానంగా ఆల్బుమిన్‌ను పట్టుకుంటుందే తప్ప, మైలోమాలో మూత్రంలోకి దిగే లైట్ చైన్లను, అంటే బెన్స్ జోన్స్ ప్రోటీన్‌ను, సరిగా పట్టుకోలేదు.

ఇక రిపోర్టు. మొదట ఫోనుకు వచ్చిన పీడీఎఫ్‌లో ఆల్బుమిన్, ఆల్ఫా-1, ఆల్ఫా-2, బీటా, గామా అంటూ అంకెల పట్టిక మాత్రమే ఉంది, గ్రాఫు లేదు. ఎలక్ట్రోఫోరెసిస్‌లో గ్రాఫు లేని రిపోర్టును పూర్తి రిపోర్టుగా నేను ఒప్పుకోను. గామా భాగం పెరిగిందని అంకె చెబుతుంది. ఎలా పెరిగిందో గ్రాఫు మాత్రమే చెబుతుంది. ఆ భాగం చెరువు కట్టలా వెడల్పుగా ఉబ్బితే అనేక రకాల యాంటీబాడీలు కలిసి పెరిగాయని, ఇన్‌ఫెక్షన్, వాపు వంటి కారణాలు వెతకాలని అర్థం. కట్ట మీద తాటిచెట్టులా సన్నగా నిక్కి నిలబడితే ఒకే రకం కణాల గుంపు ఒకే రకం యాంటీబాడీని తయారు చేస్తోందని, అదే ఎం బ్యాండ్ అని అర్థం. అడిగిన మీదట గ్రాఫు ఉన్న కాగితాన్ని ఇచ్చారు. బాపు గ్రాఫులో గామా దగ్గర చిన్నదే అయినా స్పష్టమైన ముల్లు ఉంది. దాని పరిమాణాన్ని డెసిలీటరుకు 1.3 గ్రాములుగా లెక్కించారు. కింద పాథాలజిస్టు సంతకంతో, ఇమ్యునోఫిక్సేషన్‌తో కలిపి చూడవలసిందని ఒక వాక్యం ఉంది.

ఇమ్యునోఫిక్సేషన్ రిపోర్టు మాత్రం మెచ్చుకోదగినదిగా ఉంది. జెల్ ఫొటోను రంగుల్లో అచ్చువేశారు. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అన్న యాంటీబాడీ రకాల, కప్పా, లామ్డా అన్న లైట్ చైన్ల వరసల్లో ఐజీజీ కిందా, కప్పా కిందా ఒకే ఎత్తున చిక్కటి గీత కనిపిస్తుంది, మిగతా చోట్ల మసకగా ఉంటుంది. ఐజీజీ కప్పా అని రాయకపోయినా చూసేవారికి తెలిసిపోయేంత స్పష్టంగా ఉంది. ఎలక్ట్రోఫోరెసిస్ బాగుందని వచ్చినవారు కూడా డాక్టరు రాస్తే ఈ పరీక్షనూ, ఫ్రీ లైట్ చైన్స్‌నూ మానుకోకూడదు. ఐజీఏ రకం ముల్లు కొన్నిసార్లు బీటా భాగంలో దాగిపోతుంది. మైలోమా రోగుల్లో దాదాపు ఆరుగురిలో ఒకరికి లైట్ చైన్లు మాత్రమే తయారవుతాయి. అటువంటివారి గ్రాఫులో ముల్లు కనబడకపోవచ్చు.

నా అసలు ఫిర్యాదు ఫ్రీ లైట్ చైన్స్ రిపోర్టు మీద. కప్పా లీటరుకు 44 మిల్లీగ్రాములు, లామ్డా 20, నిష్పత్తి 2.2. పక్కన ఇచ్చిన మామూలు హద్దు 0.26 నుంచి 1.65 వరకు. 2.2 పక్కన ఎర్ర అక్షరంతో హెచ్ (హై, అంటే ఎక్కువ) అని కొట్టారు. కౌంటరులో ఉన్న అతను ఆ ఎర్ర అక్షరం చూసి, ‘‘క్యాన్సర్ డాక్టరుకు చూపియ్యుండ్రి’’ అన్నాడు. ఆ మాట విన్న మా ఇంట్లో ఆ రాత్రి ఎవ్వరూ అన్నం ముట్టలేదు. లైట్ చైన్లను రక్తం నుంచి తొలగించేది కిడ్నీలే. అవి మందగించినప్పుడు కప్పా, లామ్డా రెండూ పెరుగుతాయి, నిష్పత్తి కూడా కొంత పైకి జరుగుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి 0.37 నుంచి 3.1 వరకు ఉన్న హద్దును వాడే పద్ధతి చాలాకాలంగా ఉంది. అదే సెంటర్‌లో, అదే రోజు చేసిన క్రియాటినిన్ 1.6 అని వారి కంప్యూటరులోనే ఉంది. ఆ హద్దును ఒక్క వరుసలో ప్రస్తావించి ఉంటే 2.2కు ఎర్ర రంగు అవసరమయ్యేది కాదు. ఏ కంపెనీ కిట్‌తో చేశారో కూడా రాయలేదు. ఫ్రీలైట్, ఎన్ లేటెక్స్ వంటి పద్ధతుల అంకెలను ఒకదానితో ఒకటి పోల్చకూడదు గనుక ఇది చిన్న లోపం కాదు. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, 44, 4.4 ఒకటే అని తెలియనివారు జబ్బు పదో వంతుకు తగ్గిందనో, పది రెట్లు పెరిగిందనో అనుకునే ప్రమాదం ఉంది.

హైదరాబాద్‌లో మేము కలిసిన హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టరు) గారు కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ముందుగా చూసినవి కాల్షియం, క్రియాటినిన్, హిమోగ్లోబిన్, ఎముకల స్కాను. కాల్షియం 11 దాటడం, క్రియాటినిన్ 2 దాటడం, హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గడం, ఎముకల్లో చిల్లుల్లాంటి మచ్చలు కనబడడం. వీటిలో ఏదైనా ప్లాస్మా కణాల వల్లనే వచ్చిందని తేలితే అప్పుడు మైలోమాగా చికిత్స మొదలవుతుంది. ఇవేవీ లేకపోయినా మూలుగలో ఆ కణాలు 60 శాతం చేరినా, జబ్బు కణాలు తయారు చేసే లైట్ చైన్ లీటరుకు 100 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉండి, రెండో రకంతో దాని నిష్పత్తి 100 చేరినా, చికిత్స ఆలోచిస్తారు. ఆ వందతో పోల్చుకుంటే మమ్మల్ని అంత భయపెట్టిన 2.2 ఎక్కడ! బాపుకు కాల్షియం 9.2, ఎముకలు శుభ్రంగా ఉన్నాయి, రక్తహీనతకు ఐరన్ లోపమే కారణమని తేలింది. ముల్లు 3 గ్రాముల లోపు ఉండి, మూలుగలో చెడ్డ కణాలు 10 శాతం లోపు ఉండి, అవయవాలకు నష్టం లేని స్థితిని ఎంజీయూఎస్ అంటారు. అది మైలోమాగానో, దానికి దగ్గరి జబ్బుగానో మారే అవకాశం సగటున ఏడాదికి నూటికి ఒకరికి. ముల్లు 1.5 గ్రాముల లోపు, ఐజీజీ రకం, లైట్ చైన్ల నిష్పత్తి సక్రమం, ఈ మూడూ కలిసినవారికి ఇరవై ఏళ్లలో కూడా ఆ అవకాశం 5 శాతం దగ్గరే ఉంటుంది. బాపు మొదటి రెంటిలో నిక్కచ్చిగా ఉన్నాడు. మూడోది కిడ్నీ హద్దుతో చూస్తే సరిపోతుంది. మూలుగ పరీక్షను ప్రస్తుతానికి వాయిదా వేసి, ఆరు నెలలకు మళ్లీ పరీక్షలు చేయించమన్నారు.

ఇంత చెప్పాక ఈ సెంటర్‌కు మళ్లీ వెళ్తామా అంటే, వెళ్తాము. రక్తం తీయడంలో, ఇమ్యునోఫిక్సేషన్‌లో వారి పని నమ్మదగినది. పైగా ముల్లు పెరిగిందా, నిలకడగా ఉందా అన్నది తెలియాలంటే ప్రతిసారీ అదే ల్యాబులో, అదే పద్ధతిలో చేయించక తప్పదు. బిల్లు విషయంలో ఒక్క మాట: మూడు పరీక్షల్లో లైట్ చైన్స్‌దే ఎక్కువ భాగం, ప్యాకేజీ అని చెప్పినా ఇమ్యునోఫిక్సేషన్‌ను విడిగా వేశారు. ముందే అడిగి రాయించుకోవడం మంచిది. మేనేజరు గారికి రాతపూర్వకంగా మూడు కోరికలు ఇచ్చాను: గ్రాఫును మొదటి పీడీఎఫ్‌లోనే పెట్టాలని, లైట్ చైన్స్ కింద కిట్ పేరూ కిడ్నీ హద్దూ రాయాలని, పాత ఫలితాలను కొత్తవాటి పక్క గడిలో అచ్చువేయాలని. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు. మిగతా రెండూ పాథాలజిస్టు గారితో మాట్లాడి చేస్తామన్నారు; ఆరు నెలల తర్వాత వచ్చే రిపోర్టును చూసి ఆ సంగతి ఇక్కడే రాస్తాను.