తేమ మీటర్ కంటే నా వేలే నయం

మట్టిలో గుచ్చితే తేమ ఎంతుందో చెప్పే మీటర్ కొన్నాను. బ్యాటరీ అక్కర్లేదు, అది నచ్చింది. మొదటి వారం బాగానే ఉంది. ఎరువు నీళ్లు పోసిన మూడో రోజు మిరప కుండీ ఎత్తితే తేలిగ్గా ఉంది, ముల్లు మాత్రం 8 మీద, అంటే ‘తడి’ వైపు నిలబడింది! అసలది కొలిచేది తేమను కాదు, కడ్డీలోని రెండు లోహాల మధ్య మట్టిలోంచి పారే కరెంటును. ఎరువులోని లవణాలు చాలు, దాన్ని బోల్తా కొట్టించడానికి. కొబ్బరిపొట్టు వదులుగా నింపిన కుండీలో దీనికి రివర్స్: తడి ఉన్నా ‘పొడి’ అంది. నమ్మి నీళ్లు పోశాను. వేళ్లకు గాలాడక టమాటా మొక్క వాలిపోయింది, తప్పు నాదే అనుకోండి. ఇప్పుడు వేలు రెండు కణుపుల దాకా దించి చూసుకుంటున్నా. లోతైన కుండీల అడుగున తడి తెలియడానికే మీటర్ తీస్తున్నా. వాడాక కడ్డీ తుడవాలి, లేదంటే తుప్పే.