హ్యాకైన సైట్‌కి ఏది మేలు: బ్యాకప్ వెనక్కి పెట్టడమా, చేత్తో శుభ్రం చేయడమా, డబ్బిచ్చి చేయించడమా?

వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఉన్న సైట్ హ్యాకైందని తెలియగానే చాలామంది ఒక స్కానర్ ప్లగిన్ (చెడ్డ ఫైళ్లను వెతికే, సైట్‌కి అదనంగా తగిలించే ప్రోగ్రామ్) వేసి, అది చూపించిన ఫైళ్లన్నీ డిలీట్ చేసేసి హమ్మయ్య అనుకుంటారు. కొన్నాళ్లకే గూగుల్ నుంచి ఫోన్‌లో వచ్చినవాళ్లు మళ్లీ ఏదో జూదం సైట్‌కి పోతుంటారు, కానీ అడ్మిన్‌గా లాగిన్ అయి చూస్తే అంతా మామూలుగానే కనిపిస్తుంది. మాల్వేర్, అంటే ఇలా హాని చేసే కోడ్, రాసేవాళ్లు కావాలనే అలా రాస్తారు, సైట్ యజమానికి కనిపించకూడదని. అందుకే స్కానర్‌ని వెతకడానికి వాడండి, శుభ్రం చేసే పని మొత్తం దానికే వదిలేయకండి.

బ్యాకప్ వెనక్కి పెట్టడం అన్నిటికంటే త్వరగా అయ్యే పని. కానీ మాల్వేర్ ఎప్పుడు చొరబడిందో తెలియకపోతే ఆ బ్యాకప్‌లో కూడా అది ఉండొచ్చు, ఎందుకంటే లోపలికి వచ్చి వారాల తరబడి కదలకుండా కూర్చునే రకాలున్నాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. 2020 సెప్టెంబర్‌లో ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో లాగిన్ అవసరం లేకుండానే ఎవరైనా సర్వర్‌లోకి ఫైళ్లు ఎక్కించగలిగే లోపం బయటపడింది, అప్పటికి అది 7 లక్షల సైట్లలో ఉంది. అప్పుడు పాత బ్యాకప్ పెట్టుకున్నవాళ్లకి దాంతోపాటు ఆ పాత ప్లగిన్ కూడా లోపంతో సహా తిరిగొచ్చినట్టే కదా! పెట్టిన వెంటనే అప్‌డేట్ చేయకపోతే మళ్లీ మొదటికే. ఇక ఆన్‌లైన్ షాపు అయితే ఆ బ్యాకప్ తర్వాత వచ్చిన ఆర్డర్లన్నీ పోతాయి.

నన్నడిగితే మామూలు సైట్‌కి చేత్తో శుభ్రం చేయడమే మేలు, ఓపిక ఉంటే. ముందు, ఇన్ఫెక్షన్ ఉన్నా సరే, సైట్ మొత్తానికి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి. తర్వాత డబ్ల్యుపి-అడ్మిన్, డబ్ల్యుపి-ఇన్‌క్లూడ్స్ అనే వర్డ్‌ప్రెస్ సొంత ఫోల్డర్లని వెతుక్కుంటూ కూర్చోకుండా మొత్తం తీసేసి కొత్తవి పెట్టేయండి, వాటిలో మీ కంటెంట్ ఏమీ ఉండదు. థీమ్ (సైట్ రూపాన్ని ఇచ్చేది), ప్లగిన్లు కూడా అసలు చోటు నుంచి మళ్లీ దించుకోవాలి. ఇక చూడాల్సింది అప్‌లోడ్స్ ఫోల్డర్, డేటాబేస్, కాన్ఫిగ్ ఫైల్ (సైట్ సెట్టింగులు ఉండేది), హెచ్‌టీయాక్సెస్ ఫైల్ (సర్వర్‌కి సూచనలిచ్చేది). అప్‌లోడ్స్‌లో ఉండాల్సింది ఫొటోలూ పీడీఎఫ్‌లూ, అక్కడ పీహెచ్‌పీ ఫైల్ (సర్వర్ మీద నడిచే కోడ్) కనిపిస్తే తెరిచి చూడండి, కొన్ని ప్లగిన్లు పెట్టే ఖాళీ ఇండెక్స్ ఫైల్ కాకపోతే అనుమానించాల్సిందే. ఎమ్‌యూ-ప్లగిన్స్ ఫోల్డర్‌ని మాత్రం చాలామంది మర్చిపోతారు: అందులో పెట్టిన ఫైల్ ఎవరూ యాక్టివేట్ చేయకుండానే నడుస్తుంది, మామూలు ప్లగిన్ల మధ్య కనిపించదు, దొడ్డిదారి పెట్టడానికి అంతకంటే అనువైన చోటు ఏముంటుంది. మీకు తెలియని అడ్మిన్ యూజర్లనీ, హోస్టింగ్‌లో మీరు పెట్టని క్రాన్ జాబ్‌లనీ (టైముకి వాటంతటవే నడిచే పనులు) తీసేయండి. పాస్‌వర్డ్‌లన్నీ, కాన్ఫిగ్‌లోని సాల్ట్ కీలూ (లాగిన్‌లని కాపాడే రహస్య అక్షరాలు) మార్చండి, సాల్ట్ మారిస్తే లాగిన్‌లో ఉన్న ప్రతివాళ్లూ, హ్యాకర్‌తో సహా, బయటికి వచ్చేస్తారు. అదే హోస్టింగ్ అకౌంట్‌లో ఎప్పుడో వదిలేసిన పాత సైట్ ఉందా? దాన్నీ శుభ్రం చేయాలి, లేదా తీసేయాలి, లేకపోతే అక్కడి నుంచే మళ్లీ అంటుకుంటుంది.

రోజూ ఆర్డర్లు వచ్చే షాపైతే నేను డబ్బిచ్చి చేయించమంటాను, అక్కడ ఒక్కో గంటా నష్టమే. ఒప్పుకునే ముందు రెండు అడగండి: ఎక్కడి నుంచి చొరబడిందో కనిపెట్టి చెప్తారా, మళ్లీ వస్తే ఎన్నాళ్ల వరకు ఉచితంగా చేస్తారు? మొదటిదానికి సూటిగా జవాబు రాకపోతే వాళ్లు చేసేది కూడా స్కానర్ నడపడమే.

కాపలా విషయానికొస్తే, వర్డ్‌ఫెన్స్ లాంటి ప్లగిన్ ఫైర్‌వాల్ (దాడులని అడ్డుకునే కాపలా) మీ సర్వర్ మీదే నడుస్తుంది, దాని ఉచిత వెర్షన్‌కి కొత్త రూల్స్ 30 రోజులు ఆలస్యంగా వస్తాయి. సుకురి, క్లౌడ్‌ఫ్లేర్ లాంటి బయటి సర్వీసులు దాడిని సర్వర్ దాకా రాకముందే ఆపుతాయి, కానీ సర్వర్ అసలు ఐపీ అడ్రస్ తెలిసినవాడు వాటిని దాటుకుని నేరుగా వచ్చేస్తాడు, ఆ దారి హోస్టింగ్‌లో మూసేయించాలి. చిన్న సైట్‌కి ఉచిత వర్డ్‌ఫెన్స్, ఆటో అప్‌డేట్లు, రెండంచెల లాగిన్ చాలు. ఫ్రీగా దొరికే నల్డ్ థీమ్‌ల (డబ్బిచ్చి కొనాల్సిన థీమ్‌ల దొంగ కాపీల) జోలికి మాత్రం అస్సలు పోవద్దు, డబ్ల్యుపి-వీసీడీ అనే మాల్వేర్ ఎక్కువగా పాకింది వాటితోనే.

గూగుల్ ఎర్ర హెచ్చరిక పెట్టి ఉంటే, ఇదంతా అయ్యాకే సెర్చ్ కన్సోల్‌లో (సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే పేజీ) రివ్యూ అడగండి. ఏం దొరికింది, ఏం తీసేశారు, ఏ లోపం మూశారు అన్నది అందులో స్పష్టంగా రాయండి.