అమ్మ మోకాలి ఆపరేషన్: ఒంగోలు హాల్లో మొదలైన చెన్నై ప్రయాణం

నాన్న వైద్యం కోసం అప్పట్లో చెన్నైకి తిరిగినన్ని సార్లు పెళ్లిళ్లకు కూడా తిరగలేదు. చూపించుకోవడానికి ఒకసారి, రిపోర్టులకు ఒకసారి, ఆపరేషన్ తేదీ కోసం ఇంకోసారి. ఈసారి అమ్మ మోకాళ్లు. ఆమెను అన్నిసార్లు రైలెక్కించలేమని, ముందు చెన్నై డాక్టరుగారితో వీడియో కన్సల్టేషన్ తీసుకున్నాం.

హాల్లో స్టూలు మీద బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి పెట్టాం. డాక్టరుగారు అమ్మను వంటింటి గుమ్మం దాకా నడిచి రమ్మన్నారు. మోకాళ్లు కనిపించేలా కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకోమన్నారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంటే అమ్మ లేవలేకపోయింది. మేం ముందే ఫొటో తీసి పంపిన ఎక్స్‌రే చూసి, "ఇది పడుకోబెట్టి తీసింది కదమ్మా, నిలబెట్టి తీయించండి. బరువు పడితేనే అరుగుదల ఎంతో తెలుస్తుంది" అన్నారు.

మూడు నెలల సగటు షుగర్ చూపే HbA1c పరీక్షలో 9 దాటి ఉంది. అది తగ్గేదాకా రావద్దన్నారు. పుచ్చుపళ్లు ఉంటే ముందే బాగు చేయించుకోవాలట, ఆ ఇన్ఫెక్షన్ ఆపరేషన్‌లో పెట్టే కొత్త కీలుకు చేరకుండా. వీడియో లేకపోతే ఈ రెండు మాటలు వినడానికే మేం చెన్నై దాకా వెళ్లి తిరిగి రావాల్సింది. షుగర్ దారికొచ్చేసరికి మూడు నెలలు పట్టింది. రెండో వీడియోలో, సంక్రాంతి సెలవులు అయ్యాక రమ్మని తేదీ ఇచ్చారు. ఆ రెండో వీడియో రోజు 11 గంటలకు వస్తుందన్న కాల్ 1:40కి వచ్చింది. అమ్మ అన్నం తినకుండా ఫోన్ ముందే కూర్చుంది. షుగర్ మనిషిని అలా కూర్చోబెట్టడం తప్పు.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. సెంట్రల్ నుంచి మెట్రోలో మూడో స్టేషన్ థౌజండ్ లైట్స్. లిఫ్టులు ఉన్నాయి కాబట్టి, ఆ కాళ్లతో ఆటో ఎక్కి దిగడం కంటే అమ్మకు ఇదే సులువైంది. ఆసుపత్రి దగ్గర, గ్రీమ్స్ రోడ్డు పక్క సందుల్లో లాడ్జిలు వరసగా ఉంటాయి. బోర్డులు బెంగాలీలో, చేపల కూర భోజనం బెంగాలీ పద్ధతిలో. మొదట రోజుకు 1,200 రూపాయల చొప్పున ఒక గది తీసుకున్నాం. శుభ్రంగానే ఉంది కానీ రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఆపరేషన్ తర్వాత అక్కడికి తీసుకెళ్లడం కుదరని పని. రెట్టింపు ఇచ్చి లిఫ్టు, ఎత్తు కమోడ్, చిన్న వంటగది ఉన్న అపార్టుమెంటుకు మారాం. మోకాలి ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు గది చూసేముందు బాత్రూమ్ చూడండి. వాకర్ ఆ తలుపులో పడుతుందో లేదో కొలవండి.

ఆసుపత్రిలో వైద్యం విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. కుడి మోకాలికి ఆపరేషన్ అయిన మర్నాడే నాలుగడుగులు వేయించారు. ఫిజియోథెరపీ అమ్మాయి మొదట తమిళంలో మొదలుపెట్టి, అమ్మ మొహం చూసి "మెల్లగా మడవండమ్మా" అంది. ఆ ఒక్క తెలుగు మాటతో అమ్మ టెన్షన్ సగం పోయింది. కోపం వచ్చింది ఒక్క చోటే: వీడియోలో చెప్పినదేదీ ఓపీ ఫైల్లో లేదు. షుగర్ మందుల దగ్గర్నుంచి అన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పాం.

పక్క గదిలో ఢాకా నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు ఉన్నారు. వాళ్లు డాక్టరుతో ముందు మాట్లాడనే లేదు. రిపోర్టులు ఏజెంటుకు పంపితే ఆయనే ఒక ఖర్చు అంకె చెప్పాడు, ఇక్కడికొచ్చాక అది మారింది. మన దేశంలో 2020 మార్చిలో టెలిమెడిసిన్ (ఫోన్, వీడియోల్లో వైద్యం) మార్గదర్శకాలు వచ్చాయి కానీ, విదేశాల్లో ఉన్నవారితో సంప్రదింపులు వాటి పరిధిలో లేవు. వైద్యానికి ఇంతమంది వచ్చే ఊరు మొదట ఈ ఖాళీ పూడ్చాలి. విమానం టికెట్ కొనకముందే ఆ తల్లి కూడా మా అమ్మలాగే డాక్టరు ముందు నడిచి చూపించగలగాలి. చిత్తూరు జిల్లా అరగొండను 2000లోనే ఉపగ్రహంతో చెన్నై అపోలోకు కలిపారు. పల్లెటూరికి అప్పుడే సాధ్యమైన పని ఢాకాకు ఇప్పుడు కాకపోవడం నాకు బాధగా ఉంది.

కుట్లు తీసేదాకా ఉండాలేమో అనుకున్నాం. డాక్టరుగారు అక్కర్లేదన్నారు. ఆరో రోజున కారులో బయల్దేరాం. దారిలో గంటకోసారి ఆపి, అమ్మను దింపి నాలుగడుగులు వేయించాం. ఇంటికొచ్చాక రోజూ గాయం ఫొటో పంపేవాళ్లం. ఒకరోజు ఫొటోలో ఎర్రగా కనిపిస్తే సాయంత్రంలోగా ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, జ్వరం ఉందా, చీము కారుతోందా అని అడిగి, లేవని తెలిశాకే సరే అన్నారు. కుట్లు ఒంగోలులో తీయించాం.

ఆరు వారాల చెకప్ కూడా వీడియోలోనే. ఈసారి ఎక్స్‌రే గదిలో అమ్మే ముందు చెప్పింది, "నిలబెట్టి తియ్యి నాయనా" అని. మళ్లీ అదే స్టూలు, అదే బియ్యం డబ్బా. అమ్మ వంటింటి గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, ఎడమ మోకాలికి ఎప్పుడు రమ్మంటారని ఆయన్ని అడిగింది.