రేస్ ఫర్ ద గెలాక్సీ: పెట్టె ఆట ఫోన్‌లోకి వస్తే

కార్డులతో ఆడే స్ట్రాటజీ ఆటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రేస్ ఫర్ ద గెలాక్సీ. టామ్ లేమన్ తయారుచేసిన ఈ ఆట 2007లో పెట్టెలో వచ్చింది. 2017లో టెంపుల్ గేట్స్ అనే సంస్థ దాన్ని యాప్‌గా తెచ్చింది. ఏళ్ల తరబడి రెండూ ఆడుతున్నాను. పెట్టె బయటికి తీసేది ఎక్కువగా మా బావ ఒంగోలు నుంచి కావలి వచ్చినప్పుడే. మిగతా రోజుల్లో, ముఖ్యంగా రైల్లో, ఫోనే.

ఫోన్‌లో కార్డులు అనగానే మా ఇళ్లల్లో పెద్దవాళ్లకు రమ్మీ గుర్తొస్తుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2020లో మన రాష్ట్రంలో నిషేధించారు, కాబట్టి వాళ్ల భయంలో న్యాయం ఉంది. రేస్ ఫర్ ద గెలాక్సీలో మాత్రం పందెం అనేదే లేదు. యాప్ ఒకసారి కొంటే చాలు. అదనపు కార్డులు కావాలంటే విడిగా కొనుక్కోవచ్చు, అవి లేకపోయినా ఆటకు లోటుండదు.

ఇది అంతరిక్షంలో సామ్రాజ్యం కట్టే ఆట. ఎక్స్‌ప్లోర్ (కొత్త కార్డులు తీసుకోవడం), డెవలప్ (డెవలప్‌మెంట్ కార్డు, అంటే అభివృద్ధి కార్డు వేయడం), సెటిల్ (గ్రహం కార్డు వేయడం), కన్స్యూమ్ (గ్రహాల మీది సరుకును ఖర్చుపెట్టి పాయింట్లో కార్డులో పొందడం), ప్రొడ్యూస్ (గ్రహాల మీద సరుకు పండించడం) అని ఐదు పనులుంటాయి. ప్రతి దఫా ఒక్కొక్కరూ రహస్యంగా ఒకటి ఎంచుకుని అందరూ ఒకేసారి బయటపెడతారు. ఎవరో ఒకరు ఎంచుకున్న పని అందరికీ జరుగుతుంది, ఎంచుకున్నవాళ్లకు మాత్రం కాస్త ఎక్కువ లాభం. ఎవరూ ఎంచుకోనిది అసలు జరగదు. ఇంకో గొప్ప సంగతి, ఇందులో కార్డే డబ్బు. నాలుగు ఖరీదున్న గ్రహం వేయాలంటే చేతిలోని మరో నాలుగు కార్డులు వదులుకోవాలి. వదిలేవాటిలో మనసుకు నచ్చినవి తప్పకుండా ఉంటాయి. ఎవరి ముందైనా పన్నెండు కార్డులు పడినా, పాయింట్ల బిళ్లలు అయిపోయినా ఆ దఫాతో ఆట ముగుస్తుంది.

అందరూ ఒకేసారి ఎంచుకునే ఆట కాబట్టే ఇది ఫోన్‌లో ఇంత బాగా ఇమిడింది. వంతు కోసం కాచుకోవడం దాదాపు ఉండదు. కంప్యూటర్‌తో ఆడితే, కావలిలో మొదలుపెట్టిన ఆట సింగరాయకొండ వచ్చేలోపు తాపీగా అయిపోతుంది. మధ్యలో సిగ్నల్ పోయినా ఇబ్బంది లేదు. ఆ కంప్యూటర్ ప్రత్యర్థి కూడా సామాన్యమైనది కాదు. కెల్డన్ జోన్స్ అనే ఆయన అంతకుముందే ఈ ఆటకు న్యూరల్ నెట్‌వర్క్‌తో (మెదడును పోలిన, అనుభవంతో నేర్చుకునే పద్ధతితో) ఒక ప్రోగ్రాం రాశాడు. తనతో తానే ఆడుకుంటూ ఆట నేర్చుకున్న ప్రోగ్రాం అది, యాప్‌లో వాడింది దాన్నే. కఠినమైన స్థాయిలో ఇప్పటికీ నన్ను తరచుగా ఓడిస్తుంది.

కార్డుల మీద గుర్తులు చాలా ఎక్కువ. బల్ల దగ్గర కొత్తవాళ్లకు ఇవి అర్థం చేయించడానికే ఒక సాయంత్రం పడుతుంది. యాప్‌లో కార్డుని పెద్దది చేసి చూస్తే వివరం ఉంటుంది, కార్డుల ఖరీదులో వచ్చే తగ్గింపుల లెక్క అదే వేసుకుంటుంది. ఆరు ఖరీదుండే డెవలప్‌మెంట్ కార్డుల పాయింట్లు మన ముందున్న మిగతా కార్డులను బట్టి మారతాయి. బల్ల మీద ఆ లెక్క దగ్గరే వాదనలొస్తాయి, ఫోన్‌లో ఆ గొడవ లేదు.

నా అసంతృప్తి ఒక్కటే, కానీ పెద్దది. ఈ ఆట ప్రాణమంతా ఎదుటివాళ్లు ఏం ఎంచుకుంటారో పసిగట్టడంలో ఉంది. బావ గ్రహాల మీద సరుకు పేరుకుపోయిందంటే ఈసారి కన్స్యూమ్ ఆయనే ఎంచుకుంటాడు. నా కార్డులకు ఆ శక్తి ఉంటే ఆయన ఎంపిక మీదే నా సరుకునూ పాయింట్లు చేసుకుని, నా ఎంపికను సెటిల్‌కి వాడుకుంటాను. బల్ల మీద ఆయన పరిచిన కార్డుల వరస కళ్లెదుటే ఉంటుంది. ఆరంగుళాల తెర మీద అవతలివాళ్ల కార్డులు అంత తేలిగ్గా ఆనవు, పనిగట్టుకుని చూడాలి. యాప్‌లోనే నేర్చుకున్న కుర్రాళ్లు కొందరు మా ఇంటికొచ్చి ఆడినప్పుడు గమనించాను. లెక్కలో దిట్టలు, చేతిలో కార్డుల మీద మంచి పట్టు, కానీ తలెత్తి పక్కవాళ్ల వరస వైపు చూడరు. అందుకే వాళ్లకు చెప్పాను: ఫోన్‌లో ఆడేటప్పుడు కూడా పని ఎంచుకునే ముందు ప్రతిసారీ ప్రత్యర్థి కార్డులు తెరిచి, సరుకు ఎంతుందో, చేతిలో ఎన్ని కార్డులున్నాయో చూడండి. ట్యాబ్ ఉన్నవాళ్లు ట్యాబ్‌లోనే ఆడితే మేలు, అక్కడ కార్డులు కాస్త నయంగా కనిపిస్తాయి.