ఆల్ఫా పాతదే, ఆగకుండా నడిచిందా? బెయిర్డ్ మాన్యువల్, ఇల్లినాయ్ ఆల్మనాక్‌ల సమీక్ష

అమెరికా కాలేజీల్లోని ఫ్రటర్నిటీలు (అబ్బాయిల సంఘాలు), సొరారిటీల (అమ్మాయిల సంఘాల) చాప్టర్ల, అంటే ఒక్కో కాలేజీలోని శాఖల, చరిత్ర వెతికేవాళ్ళు ముందుగా చేతికి తీసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి 1879లో విలియం రేమండ్ బెయిర్డ్ మొదలుపెట్టిన మాన్యువల్. 1991లో వచ్చిన ఇరవయ్యో ఎడిషన్‌తో అది ఆగిపోయింది. రెండోది ఆ పనిని అందుకున్న ఆల్మనాక్. కారల్ లర్డింగ్, ఫ్రాన్ బెక్ కూర్చిన ఈ జాబితాలు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఆర్కైవ్స్ ద్వారా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఎక్కడా తెగకుండా నడుస్తున్న వాటిలో అన్నిటికన్నా పాత చాప్టర్ ఏదన్న ప్రశ్నకు ఇవి ఎంతవరకు పనికొస్తాయన్నదే ఇక్కడ చూస్తున్నాం.

మాన్యువల్ విలువంతా చాప్టర్ల పట్టికలో ఉంది. సంఘం పుట్టుక, చిహ్నాలు, రంగులు చదవడానికి బాగానే ఉంటాయి కానీ మన ప్రశ్నకు అక్కర్లేదు. నేరుగా పట్టికకు వెళ్ళి చార్టర్ (చాప్టర్ నడపడానికి సంఘం ఇచ్చే అనుమతి పత్రం) ఇచ్చిన ఏడాది, మూతపడిన ఏడాది, మళ్ళీ తెరిచిన ఏడాది చూడాలి. కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు మొదటి వరుస దగ్గరే ఆగిపోవడం. ఆల్ఫా చాప్టర్, అంటే గ్రీకు మొదటి అక్షరం పేరున్నది, అన్నిటికన్నా ముందు పుట్టిందే, కాదనం. అది నిరాటంకంగా నడిచిందనడానికి మాత్రం ఆ పేరు సాక్ష్యం కాదు.

ఫై బీటా కాపానే తీసుకోండి. ఇప్పుడది చదువులో ప్రతిభకు ఇచ్చే గౌరవ సంఘం, కానీ గ్రీకు అక్షరాల పేర్లకు దారి వేసింది అదే. 1776 డిసెంబర్ 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ సేనలు దగ్గరికి రావడంతో 1781లో ఆ చాప్టర్ ఆగిపోయింది. 1780 నాటి యేల్ చాప్టర్‌కు 1871 నుంచి 1884 దాకా విరామం వచ్చింది. అలా ‘ఆగకుండా నడిచిన పాత చాప్టర్’ అన్న పేరు మూడోదైన హార్వర్డ్‌కు, 1781 నాటిదానికి, దక్కింది. వరుసలో మూడోది, నిలకడలో మొదటిది. ఇలాంటి తేడాను పట్టివ్వడమే ఈ పట్టికల అసలు ప్రయోజనం.

ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 1839లో బీటా థీటా పై, 1848లో ఫై డెల్టా థీటా, 1855లో సిగ్మా కై, మూడూ అక్కడే పుట్టాయి. 1873లో విశ్వవిద్యాలయమే మూతపడి 1885లో గానీ తెరుచుకోలేదు. బడే లేనప్పుడు చాప్టర్ ఎక్కడుంటుంది? కాబట్టి ఈ మూడు సంఘాల్లో ఏదీ తన పుట్టిల్లును ‘తెగని చాప్టర్’ అని చెప్పుకోలేదు. అలబామాలో 1856లో పుట్టిన సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్‌ది వేరే కారణం. అక్కడ ఫ్రటర్నిటీల మీద వ్యతిరేకత వల్ల ఆ మొదటి చాప్టర్ రెండేళ్ళకే మూతపడి, 1886లో తిరిగి వచ్చింది.

సొరారిటీల పట్టికల్లో మరింత జాగ్రత్త కావాలి. ఇల్లినాయ్‌లోని మన్మత్ కాలేజీలో పై బీటా ఫై 1867లో, కాపా కాపా గామా 1870లో మొదలయ్యాయి. తర్వాత కాలేజీ నిషేధం పెట్టింది. అక్కడి రెండు చాప్టర్లూ కొంతకాలం చాటుగా నడిచి 1884లో ముగిశాయి. పై బీటా ఫై 1928లో, కాపా కాపా గామా 1934లో మళ్ళీ వచ్చాయి. అందుకే కాపా కాపా గామాలో ఆగని పాత చాప్టర్ అన్న గౌరవం ఇండియానా విశ్వవిద్యాలయంలోని డెల్టా చాప్టర్‌ది. చాటుగా నడిచిన ఏళ్ళను లెక్కలో కలపాలా వద్దా అన్నది మాత్రం పట్టిక తేల్చదు. మా అభిప్రాయంలో ఆ ఏళ్ళలో కొత్త సభ్యులు చేరినట్టు రాతలో ఉంటే కలపాలి, లేకపోతే వదిలేయాలి.

పేరు మారిన సంఘాల దగ్గర కూడా తికమక ఉంటుంది. జార్జియాలోని వెస్లియన్ కాలేజీలో 1851లో అడెల్ఫియన్ సొసైటీగా మొదలైనదే ఇప్పటి ఆల్ఫా డెల్టా పై. ఈ పేరు దానికి 1913లో వచ్చింది. పాత ఎడిషన్లో వెతికేటప్పుడు ఆనాటి పేరుతోనే వెతకాలి. చాప్టర్ల పేర్లు పెట్టే పద్ధతీ ఒక్కటి కాదు. కొన్ని సంఘాలు పుట్టిన వరుసలో అక్షరాలు ఇస్తే, ఫై డెల్టా థీటా, పై బీటా ఫై రాష్ట్రం పేరుతో ఇస్తాయి. ఇల్లినాయ్ ఆల్ఫా అంటే ఆ రాష్ట్రంలో మొదటిదని అర్థం.

మాన్యువల్ పెద్ద లోపం 1991 దగ్గర గడియారం ఆగిపోవడం. బోడిన్ కాలేజీ తన ఫ్రటర్నిటీలను తీసేయాలని నిర్ణయించింది 1997లో. పై బీటా ఫై రెండో చాప్టర్ పుట్టిన అయోవా వెస్లియన్ 2023లో పూర్తిగా మూతపడింది. ఇవి అందులో ఎలా కనిపిస్తాయి? అందుకే మొదట ఆల్మనాక్ తెరవమంటాం. చాప్టర్ ఎందుకు ఆగిందో తెలియాలంటే ఆ ఏళ్ళకు దగ్గరగా వచ్చిన పాత ఎడిషన్ పక్కన పెట్టుకోవాలి. చివరి ఎడిషన్ ఒక్కటే కొనేవాళ్ళకు సగమే దొరుకుతుంది.

రెండూ చెప్పనిది ఒకటుంది: ‘ఆగలేదు’ అంటే ఏమిటి? చార్టర్ ఎన్నడూ రద్దు కాలేదనా, ఏటా కనీసం ఒక విద్యార్థి సభ్యుడు ఉన్నాడనా? 1943-45 మధ్య సభ్యులంతా యుద్ధానికి వెళ్ళి చాప్టర్ ఇల్లు ఖాళీ అయినా చార్టర్ చేతిలోనే ఉన్న చాప్టర్ మొదటి లెక్కలో నిలుస్తుంది, రెండో లెక్కలో తెగిపోతుంది. పట్టికలో విరామం కనిపించకపోతే నమ్మేయకుండా చాప్టర్ దీక్షల రిజిస్టర్, అంటే కొత్త సభ్యుల చేరికలు రాసే పుస్తకం, అడగండి. అంతర్యుద్ధం నాటి 1861-65, మొదటి ప్రపంచ యుద్ధంలో 1917-18, రెండోదాంట్లో 1943-45 చేరికలను ఏడాది వారీగా చూడండి. రిజిస్టర్ దొరక్కపోతే కాలేజీ ఇయర్‌బుక్‌లో ఆ ఏడాది సభ్యుల పేర్లున్న పేజీ సరిపోతుంది. అదీ లేకపోతే ఏటా తీయించే కాంపోజిట్ ఫోటోలు (సభ్యులందరి ఫోటోలూ ఒకే ఫ్రేములో ఉన్నవి) చూడవచ్చు, కానీ ఫోటో లేనంత మాత్రాన చాప్టర్ లేనట్టు కాదు.