విండోస్ 11 25హెచ్2 ప్రివ్యూ: అప్‌డేట్ చిన్నదే, లొల్లి పాతది

2025 ఆగస్టు 29న మైక్రోసాఫ్ట్ విండోస్ 11 కొత్త వెర్షన్ 25హెచ్2ను రిలీజ్ ప్రివ్యూ చానల్‌లో, అంటే అందరికంటే ముందు పరీక్షించి చూసేవాళ్ల కోసం, పెట్టింది. సెప్టెంబర్ 30న అందరికీ వదిలింది. ఇప్పటికే దాని ముందు వెర్షన్ 24హెచ్2 నడుస్తున్న కంప్యూటర్‌లో ఇది ఎక్కడానికి ఒక్క రీస్టార్ట్ చాలు. వెర్షన్ నంబరు కోసం రన్ బాక్సులో విన్‌వర్ అని కొట్టి చూడండి. ప్రివ్యూ రోజున ముందు 26100.5074 అని ఉన్నది తర్వాత 26200.5074 అయింది. చుక్క అవతలి అంకెలు కదల్లేదు, ఎందుకంటే రెండింటి కోడూ ఒకటే. 25హెచ్2 ఫైళ్లు నెలనెలా వచ్చే అప్‌డేట్ల వెంటే వచ్చి లోపల పడుకున్నాయి. ఇప్పుడు వచ్చే కేబీ 5054156 అనే బుల్లి ప్యాకేజీ వాటిని లేపుతుంది. ఇంట్లో వైరింగ్ ఎప్పుడో అయిపోయి, ఇవాళ మెయిన్ వేసినట్టు.

అందుకే దీన్ని చూసి "కొత్తగా ఏమొచ్చింది" అని అడిగితే జవాబు చప్పగా ఉంటుంది. నోటిఫికేషన్ సెంటర్‌లో సెకన్లతో పెద్ద గడియారం పెట్టుకునే వీలు తిరిగి వచ్చింది. టాస్క్ మేనేజర్ ప్రాసెసెస్ పేజీలో సీపీయూ లెక్క, పెర్ఫార్మెన్స్ పేజీ లెక్క ఇన్నాళ్లూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండేవి, ఇప్పుడు ఒకే పద్ధతికి వచ్చాయి. కానీ ఇవి 24హెచ్2కు కూడా అదే ఆగస్టు అప్‌డేట్‌లో వచ్చాయి. పైగా అప్పట్లో విడతల వారీగా తెరిచారు కాబట్టి పక్కపక్కన ఉన్న రెండు సిస్టమ్‌లలో ఒకదాంట్లో కనబడి, ఇంకోదాంట్లో కనబడకపోయి ఉండొచ్చు. అది ఫాల్టు కాదు, ఫార్మాట్ చేయించకండి.

ప్రివ్యూగా ఉన్నప్పుడు ఎక్కించే దారి ఇది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డయాగ్నస్టిక్స్ తెరిచి ఆప్షనల్ డేటా ఆన్ చేయాలి, లేకపోతే ఇన్‌సైడర్ పేజీ, అంటే ముందస్తు వెర్షన్లు పరీక్షించేవాళ్లు చేరే పేజీ, ముందుకు పోనివ్వదు. తర్వాత విండోస్ అప్‌డేట్, విండోస్ ఇన్‌సైడర్ ప్రోగ్రామ్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లింకు, చానళ్లలో అన్నిటికంటే కింద ఉండే రిలీజ్ ప్రివ్యూ. డెవ్, బీటా జోలికి పోవద్దు. వాటిల్లోంచి బయటికి రావాలంటే చాలాసార్లు మొత్తం తుడిచి కొత్తగా వేసుకోవాల్సిందే. రీస్టార్ట్ అయ్యాక చెక్ ఫర్ అప్‌డేట్స్ కొడితే 25హెచ్2 పేరు కింద డౌన్‌లోడ్ అండ్ ఇన్‌స్టాల్ అని కనిపిస్తుంది. అప్పుడు మీరు నొక్కితేనే వచ్చేది, తనంతట తాను ఎక్కేది కాదు. దానికంటే ముందు ఆగస్టు 29 నాటి కేబీ 5064081 గానీ, దాని తర్వాతి నెలవారీ అప్‌డేట్ గానీ ఉండి తీరాలి, బరువంతా దానిదే. అచ్చంపేట, దేవరకొండ వైపు ఫోన్ హాట్‌స్పాట్ మీద పని నడిపేవాళ్ల రోజువారీ డేటా అక్కడే ఒడిసిపోతుంది. షాపులో నాలుగైదు సిస్టమ్‌లు ఉంటే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ తెరిచి, లోకల్ నెట్‌వర్క్ కంప్యూటర్ల నుంచి తీసుకోవడానికి ఓకే చెప్పండి. ఒకటి దింపుకున్నదాన్ని మిగతావి పంచుకుంటాయి.

ఇంతవరకూ 24హెచ్2 వాళ్ల ముచ్చట. 23హెచ్2 మీదో, విండోస్ 10 మీదో ఉన్నవాళ్లకు ఇది చిన్న ప్యాకేజీ కానే కాదు, పూర్తి ఇన్‌స్టలేషన్. గంట దాకా పడుతుంది, సీ డ్రైవ్‌లో ఇరవై ముప్పై జీబీ ఖాళీ కావాలి, పాత విండోస్‌ను దాచిపెట్టే విండోస్.ఓల్డ్ ఫోల్డర్ మిగులుతుంది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో గడువు తీరిపోయింది కాబట్టి నల్గొండ ప్రకాశం బజార్‌లోనూ, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనూ కౌంటర్ల మీదున్న సిస్టమ్‌లు చాలావరకు ఈ రెండో దారిలోనే పోవాలి. వీళ్లకు తగిలే దెబ్బల్లో 25హెచ్2వి రెండే. మిగతావి 24హెచ్2 తెచ్చినవో, అంతకంటే పాతవో.

ఆ రెండు ఏవంటే, కమాండ్లు నడిపే పాత పవర్‌షెల్ 2.0ను, కంప్యూటర్ వివరాలు చదివే డబ్ల్యూఎంఐసీ అనే కమాండ్‌ను తీసేశారు. మొదటిది పోయినా మామూలు షాపులో ఎవరికీ తెలియదు. రెండోది అట్లా కాదు. ఊళ్లల్లో నడిచే పాత బిల్లింగ్ ప్రోగ్రాములు, స్థానికంగా రాయించుకున్న ఫీజుల సాఫ్ట్‌వేర్లు లైసెన్స్‌ను ఆ కంప్యూటర్‌కే కట్టేయడానికి హార్డ్ డిస్క్ నంబరో, బోర్డు సీరియల్ నంబరో చదువుతాయి. కొన్ని దానికి లోపల డబ్ల్యూఎంఐసీనే పిలుస్తాయి. అది లేకపోతే నంబరు ఖాళీగా వస్తుంది, ప్రోగ్రాము "లైసెన్స్ చెల్లదు" అని కూర్చుంటుంది. డేటా పోయిందని హైరానా పడతారు, డేటాకు ఏమీ కాదు. ముందే పరీక్షించుకునే ఉపాయం ఉంది. సెట్టింగ్స్, సిస్టమ్, ఆప్షనల్ ఫీచర్స్ జాబితాలో డబ్ల్యూఎంఐసీ ఉంటే రిమూవ్ కొట్టి, రీస్టార్ట్ చేసి, బిల్లింగ్ తెరవండి. ఒక బిల్లు కొట్టి ప్రింటు తీయండి. నడిస్తే 25హెచ్2లోనూ నడుస్తుంది. ఆగితే అదే జాబితాలోంచి తిరిగి వేసుకుని, సాఫ్ట్‌వేర్ రాసిన మనిషికి ఫోన్ చేయండి. ఆ వివరాలు ఇచ్చే అసలు ఏర్పాటు డబ్ల్యూఎంఐ అలాగే ఉంది, పోయింది దాన్ని పిలిచే పాత కమాండ్ ఒక్కటే. పవర్‌షెల్‌లో గెట్-సిమ్‌ఇన్‌స్టెన్స్‌తో అదే నంబరు చదవొచ్చు. తెలిసినవాడికి అరగంట పని.

అసలు పరేషాన్ ఫోల్డర్ షేరింగ్‌తో. 24హెచ్2 ప్రో ఎడిషన్ నుంచి రెండు తాళాలు పడ్డాయి. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా షేర్డ్ ఫోల్డర్ తెరవడం ఆగిపోయింది. విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. అందులో పోయే వచ్చే ప్రతిదానికీ సంతకం, అంటే ఎస్‌ఎంబీ సైనింగ్, తప్పనిసరి అయింది. మన షాపుల్లో షేరింగ్ ఎట్లా ఉంటుందో తెలిసిందే. మూలన ఉన్న విండోస్ 7 సిస్టమ్‌లో ఒక ఫోల్డర్, ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్, పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ ఆఫ్. కొత్త విండోస్ ఆ గడప తొక్కదు. మీ సంస్థ భద్రతా విధానం గెస్ట్ యాక్సెస్‌ను అడ్డుకుంటున్నదని మెసేజ్ ఇస్తుంది. ఉన్నది చిన్న షాపు, సంస్థ ఎక్కడిదని జుట్టు పీక్కోవద్దు, అది గెస్ట్ తాళం గురించే చెప్తున్నది.

గ్రూప్ పాలసీలో లాన్‌మాన్ వర్క్‌స్టేషన్ కింద ఇన్‌సెక్యూర్ గెస్ట్ లాగాన్స్‌ను ఎనేబుల్ చేయమని చాలామంది చెప్తారు. అదొక్కటే చేస్తే పని కాదు. గెస్ట్‌కు పాస్‌వర్డ్ ఉండదు, పాస్‌వర్డ్ లేనిదే సంతకం పుట్టదు. కాబట్టి సెక్యూరిటీ ఆప్షన్స్‌లో నెట్‌వర్క్ క్లయింట్ సైనింగ్ ఆల్వేస్ అన్నదాన్ని కూడా డిసేబుల్ చేయాలి. రెండు తాళాలూ తీసి తలుపు బార్లా పెట్టినట్టు. అంతకంటే పద్ధతైన పని పది నిమిషాలది. ఫోల్డర్ ఉన్న సిస్టమ్‌లో ఒక లోకల్ యూజర్‌ను తయారు చేసి పాస్‌వర్డ్ పెట్టండి. ఆ ఫోల్డర్ షేరింగ్ పర్మిషన్లోనూ, సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ ఆ యూజర్ పేరు చేర్చండి. కొత్త విండోస్ ఉన్న సిస్టమ్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో ఆ కంప్యూటర్ పేరు, దానికి బ్యాక్‌స్లాష్‌తో కలిపి యూజర్ పేరు, పాస్‌వర్డ్ వేయండి. రెండు తాళాలూ ఉండగానే విండోస్ 7 ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఎక్స్‌పీ ఉంటే మాత్రం ఇది పనిచేయదు. అది పాత ఎస్‌ఎంబీ 1 తప్ప వేరే మాట్లాడదు. దానికి పెన్‌డ్రైవే గతి.

సెకండ్ హ్యాండ్ జిరాక్స్ మెషీన్లలో స్కాన్ చేసి కంప్యూటర్ ఫోల్డర్‌కు పంపే సదుపాయం కూడా ఇక్కడే తన్నుకుంటుంది. పాత మెషీన్‌కు సంతకం చేయడం రాకపోతే ఫైలు రాదు, మెషీన్ తెర మీద కనెక్షన్ ఎర్రర్ అని మాత్రమే ఉంటుంది. మెషీన్ మెనూలో ఎస్‌ఎంబీ 2 లేదా 3 ఉంటే మార్చి, గెస్ట్ బదులు యూజర్ పేరు ఇవ్వండి. లేకుంటే ఫైళ్లు పంపే ఇంకో పద్ధతి ఎఫ్‌టీపీకి మారండి. ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే సెంటర్లలో రోజుకు వందల స్కాన్లు పడతాయి కాబట్టి ఇది తేల్చుకోకుండా అప్‌డేట్ ముట్టుకోవద్దు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల వేబ్రిడ్జి గదుల్లో సమస్య వేరు. కాంటా ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్, దానికి యూఎస్‌బీ కన్వర్టర్, అందులో చాలావరకు ప్రొలిఫిక్ పీఎల్2303 చిప్, లేదా దాని నకలు. కొత్త డ్రైవర్ ఎక్కితే డివైస్ మేనేజర్‌లో పోర్టు పేరు బదులు "పీఎల్2303హెచ్ఎక్స్ఏ ఫేజ్డ్ అవుట్ సిన్స్ 2012, ప్లీజ్ కాంటాక్ట్ యువర్ సప్లయర్" అని పసుపు త్రికోణంతో కనిపిస్తుంది. కేబుల్ కాలిపోలేదు, చిప్ పాతదని డ్రైవరే చేతులెత్తేసింది. అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మీ పిక్ దారిలో పోయి పాత వెర్షన్ ఎంచుకుంటే కొన్నాళ్లు నడుస్తుంది. తర్వాత విండోస్ అప్‌డేట్ మళ్ళీ కొత్తదాన్ని తెచ్చి కూర్చోబెడుతుంది. అది ఆగాలంటే అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ ట్యాబ్, డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్, నో. ఇంత తంటా పడేకంటే ఎఫ్‌టీడీఐ అనే ఇంకో కంపెనీ చిప్ ఉన్న కేబుల్ ఒకటి కొని డ్రాయర్‌లో పెట్టుకోవడం మేలు. లారీ కాంటా మీద నిలబడ్డాక పోర్టు కనబడకపోతే, ఆ పది నిమిషాల్లో వెనక ఇంకో నాలుగు ట్రాక్టర్లు ఆగుతాయి.

కొత్త కేబుల్ పెడితే కామ్ నంబరు, అంటే ఆ పోర్టుకు విండోస్ ఇచ్చే నంబరు, మారుతుంది. సాఫ్ట్‌వేర్ కామ్ 3 కోసం చూస్తుంటే కేబుల్ కామ్ 5లో ఉంటుంది, తూకం సున్నా దగ్గరే ఆగుతుంది. పోర్ట్ ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో నంబరు 3కు మార్చాలి. "ఇన్ యూజ్" అని ఉన్నా ఫర్వాలేదు, అది పాత కేబుల్ జ్ఞాపకం. ఇకమీదట అదే యూఎస్‌బీ రంధ్రంలో పెట్టండి. అక్టోబర్‌లో వానాకాలం వడ్లు రావడం మొదలయ్యే లోపు ఈ పరీక్ష అయిపోవాలి, లేదంటే వడ్ల సీజన్ గడిచేదాకా ఈ అప్‌డేట్ ఊసే వద్దు.

తెలుగు టైపింగ్‌లో 25హెచ్2 ఏ మార్పూ తేలేదు. ఇన్‌స్క్రిప్ట్, 2019 నుంచి ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డు రెండూ అలాగే ఉన్నాయి. విండోస్ కీతో స్పేస్ నొక్కితే మారతాయి. గౌతమి, వాణి ఫాంట్లు విడిగా తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఆప్షనల్ ఫీచర్స్‌లో ఉంటాయి. కొత్తగా విండోస్ వేసిన సిస్టమ్‌లో అవి లేకపోతే పాత వర్డ్ ఫైలు నిర్మల అనే వేరే ఫాంటులో తెరుచుకుని వరుసలు జరుగుతాయి, పేజీలు పెరుగుతాయి. ఒక్క హెచ్చరిక డీటీపీ వాళ్లకు. సిస్టమ్ లొకేల్ మార్చేచోట యూనికోడ్ యూటీఎఫ్-8 అని, పక్కన బీటా అని రాసి ఉన్న టిక్ ఒకటుంది. తెలుగు బాగుపడుతుందనుకుని పెట్టేస్తారు. అను ఫాంట్లలాంటి యూనికోడ్ కాని ఫాంట్లు, పాత పేజ్‌మేకర్ ఫైళ్లు పిచ్చి అక్షరాలవడానికి అది చాలు. టిక్ తీసి రీస్టార్ట్ చేస్తే మామూలవుతుంది, ఆ పిచ్చి అక్షరాల మీద సేవ్ కొట్టకుండా ఉంటే.

ఫార్మాట్ చేసి కొత్తగా వేయించుకునేవాళ్లు డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని డేటాకు వేసే తాళం, చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే హోమ్ ఎడిషన్‌లో కూడా అడక్కుండా ఆన్ అవుతుంది, 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌కు పోతుంది. సర్వీసు కుర్రాడు తన సొంత మెయిల్‌తో సెటప్ చేసి ఇస్తే కీ అతని దగ్గరుంటుంది, కంప్యూటర్ మీ దగ్గరుంటుంది. బోర్డు మార్చిన రోజో, బయాస్ సెట్టింగులు చెరిగిన రోజో కీ అడుగుతుంది. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే కీని కాగితం మీద రాసి బిల్లు బుక్కులో పెట్టండి. అప్‌గ్రేడ్ మాత్రమే చేసుకున్నవాళ్లకు ఇది దానంతట అది ఆన్ కాదు.

ఇంటెల్ 8వ తరానికి ముందు ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని బోర్డు ఉంటే అధికారికంగా అర్హత లేదు. అడ్డదారులు నడుస్తున్నాయి కానీ కోర్ 2 డ్యుయో మీద అదీ కుదరదు. 24హెచ్2 నుంచి పాప్‌కౌంట్ అనే ప్రాసెసర్ సూచన తప్పనిసరి, అది ఆ చిప్‌లో లేనే లేదు, బూటే కాదు. అలాంటి విండోస్ 10 సిస్టమ్‌కు ఈఎస్‌యూ, అంటే గడువు తర్వాత కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం, అందులో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ ప్యాచులు వస్తాయి. 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి.

ఎక్కించాక నచ్చకపోతే, 24హెచ్2 నుంచి వచ్చినవాళ్లు అప్‌డేట్ హిస్టరీలో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ తెరిచి కేబీ 5054156ను తీసేస్తే ఒక్క రీస్టార్ట్‌తో వెనక్కి పోతారు. పాత వెర్షన్ నుంచి పూర్తిగా వచ్చినవాళ్లకు రికవరీలో గో బ్యాక్ 10 రోజులే ఉంటుంది, ఆలోపు డిస్క్ క్లీనప్ చేసి విండోస్.ఓల్డ్‌ను ఊడ్చేస్తే ఆ దారీ మూసుకుపోతుంది.